దంత్యాక్షరం

కుర్చీ ఖాళీగా ఉంది. దానిని వెనుకకు వాల్చి, తల ఆనే చోట కొత్త కాగితపు తొడుగు వేసి, పైదీపాన్ని ఒకసారి వెలిగించి చూసి ఆర్పి, పళ్ళెంలోని పనిముట్లను చిన్నది మొదలు పెద్దదాకా పేర్చి, ఆ వరుస నచ్చక పెద్దది మొదలు చిన్నదాకా మళ్ళీ పేర్చి, ఇక చేయవలసినది ఏదీ మిగలక, ఆమె ప్రక్కనున్న చక్రాల పీట మీద చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. చేతులకు ఇంకా తొడుగులు వేసుకోలేదు. మనిషి రానిదే తొడుగు వేయరాదని ఇక్కడి నియమం. వేసుకొన్న చేతితో దేనిని తాకినా మైలే. తొడుగులు లేని ఆ చేతులు రెండూ ఒకదానినొకటి పట్టుకొని, దూరప్రయాణానికి వచ్చిన ఇద్దరు అపరిచితులు బండిలో ఒరుసుకొని కూర్చున్నట్టు ఉన్నాయి. ఎదుటి గోడ మీద గడియారం. దాని పెద్దముల్లు నిటారుగా నిలబడే లోపల ఈ కుర్చీలోకి ఎవరో ఒకరు వచ్చి పడుకొని నోరు తెరవాలి. తెరవకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఈ ఏడాది చదువే లేదు. మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ తనలో సగం వయసు లేని పిల్లల వెనుక, మళ్ళీ అదే బొమ్మతల ముందు. నోరు తెరిచే మనిషి ఒక్కరు కావాలి. లోకంలో ఇన్ని నోళ్ళుండగా, తినేవి, తిట్టేవి, పొగిడేవి, ఆవులించేవి ఊరినిండా ఇన్ని నోళ్ళుండగా, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరకదా?

ఈ కమ్యూనిటీ కాలేజీలో డెంటల్ హైజీన్ చదివేవాళ్ళు పళ్ళు పీకరు, కట్టరు. అది డాక్టర్ల పని. వీళ్ళది శుభ్రపరిచే పని. పళ్ళ చాకిరేవు అంటుంది ప్రక్క కుర్చీ పిల్ల. చివరి పరీక్ష బ్రతికున్న మనిషి మీద జరుగుతుంది, ఆ మనిషి పళ్ళకు తగినంత గార పట్టి ఉండాలి. గార లేని నోరు ముత్యాలకోవ అయినా ఇక్కడ పనికిరాదు. ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ సంగతి చెప్పిననాడు తరగతిలో పెద్ద నవ్వు లేచింది. మా నాన్న ఉన్నాడు, మా మామయ్య నోరు ఒక గని, మా పక్కింటాయన జన్మలో బ్రష్షు పట్టలేదు అని పిల్లలు పోటీలు పడ్డారు. ఆమె ఆ వాక్యం దగ్గరే నిలిచిపోయింది. ఎవరి మనిషిని వాళ్ళే. గార మాట సరే, పట్టినా పట్టకపోయినా, తనకు మనిషి ఎవరు? తామున్న వాటా క్రింది అంగడివాడు వస్తానని మాట ఇచ్చాడు. ఇచ్చినవాడు నిన్న సాయంత్రం మెట్ల దగ్గర తల గోక్కొంటూ, "మా ఆవిడ ఒప్పుకోవడం లేదమ్మా, ఊళ్ళో ఇంకెవరి నోరూ లేనట్టు నీ నోరే దొరికిందా వాళ్ళ పరీక్షకి అని ఎగిరింది" అని నసిగి, ఆ నసుగుడులోనే తన గారపళ్ళన్నీ చూపించి వెళ్ళిపోయాడు. చేతికందిన పళ్ళు నోటికందకపోవడమంటే ఇదే కాబోలు.

"ఆంటీ, మీ మనిషి ఇంకా రాలేదా?" ప్రక్క కుర్చీ పిల్ల ముక్కుకు కట్టిన గుడ్డ క్రిందికి లాగి అడిగింది. "నేను ఇద్దర్ని తెచ్చాను, ఒకరు పోతే ఒకరుంటారని. మా పెదనాన్నని చూసి భూతద్దం మేడమ్ వెనక్కి పంపేసింది, గార చాలదట! పళ్ళు తోముకోడని ఇంటిల్లిపాదీ ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టిపోశాం. తీరా అవసరానికి చూడండి!"

"ఇంకెవరూ లేరా మీ ఇంట్లో?" అని ఆమె అడిగింది. వేళాకోళంగా అడగబోయిన మాట నాలుక దాటేసరికి ప్రార్థన అయింది.

"మేనమామ ఉన్నాడు గానీ ఆయనవన్నీ పెట్టుడుపళ్ళు ఆంటీ. కావాలంటే పళ్ళు పంపిస్తాను, నన్ను మాత్రం పిలవకు అన్నాడు."

ఆమె నవ్వింది. నవ్వు ముగిసిన చోట ఏమీ లేదు. ఆ పిల్ల మళ్ళీ తన తండ్రి నోటిమీదికి వంగింది. ఆ తండ్రి నోరు తెరిచి పెట్టుకొనే కూతురికి ఏదో సలహా చెప్పబోతున్నాడు, "మాట్లాడకు నాన్నా, ఒక్క గంటైనా" అని ఆ పిల్ల గదమాయిస్తున్నది. వరుసగా కుర్చీలు, ప్రతి కుర్చీ మీద ఒక దీపం, ప్రతి దీపం క్రింద తెరిచిన నోరు ఒకటి, నీటిని పీల్చే గొట్టాల సన్నని గురగుర, లవంగనూనె వాసన. గార అన్న మాట ఆమె ఇక్కడ నేర్చుకొన్నది కాదు. మెట్టినింట అడుగుపెట్టిన నాటినుంచీ అదే ఆ ఇంటి కూడూ గుడ్డా. బావగారు, అంటే భర్తకు అన్నగారు, గోడలకు గార పూసే మేస్త్రీ. భర్త ఆ గోడలకే రంగులు వేసేవాడు. "అన్నయ్య పూస్తాడు, నేను దాస్తాను" అనేవాడు. ఆయనే ఉంటే ఇవాళ ఏమనేవాడో ఆమెకు తెలుసు: అన్నయ్య గార పూస్తాడు, మా ఆవిడ గార గీకుతుంది, ఈ ఇంట్లో ఎవరి పనినీ ఎవరూ నిలవనివ్వరు. అనలేదు, అనడానికి లేడు. ఆయన అనని హాస్యాలను ఆయన గొంతుతో తానే కల్పించుకొని తానే నవ్వుకోవడం ఆమెకు అలవాటైంది. పోయినవాళ్ళకు ముసలితనం రాదంటారు. హాస్యాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మాటలకు వంతెన ఆయనే. అన్నయ్యతో చెప్పు, మీ ఆవిడకు చెప్పు, ఇటు మాట అటూ అటు మాట ఇటూ, నడుమ కొంచెం ఉప్పూ కారం తన సొంతం కలిపి మోసేవాడు. బావగారికి ఎదురుపడి మాట్లాడడం ఆమె పెరిగిన తీరులో లేదు, మరదలిని పేరుపెట్టి పిలవడం ఆయన పెరిగిన తీరులో లేదు. వంతెన కూలిన తరువాత రెండు ఒడ్లూ అట్లాగే నిలిచిపోయాయి, ఒకే కప్పు క్రింద. కర్త లేకుండా వాక్యం నడవగల సౌకర్యం మన భాషలో ఉన్నది. ఆ సౌకర్యం మీదనే ఆ ఇల్లు నడుస్తున్నది. "నీళ్ళు వస్తున్నట్టున్నాయి." "రావడం ఆలస్యమయ్యేలా ఉంది." "తలుపు గడియ వేసుకుంటే మంచిది." ఎవరు రావడం, ఎవరు వేసుకోవడం? ఆ వాక్యాలలో కర్త ఉండడు, కర్మ మాత్రం ఉంటుంది. ఆయన గుమ్మంతో చెబుతారు, ఆమె పొయ్యితో చెబుతుంది. వంటగదికీ ఆయన గదికీ మధ్య గోడ ఒకటి ఉన్నది, ఆయనే స్వహస్తాలతో గార పూసి, అద్దంలా నున్నగా తేల్చిన గోడ; ముఖ్యమైన సంగతులన్నీ ఆ గోడకే విన్నవించడం. ఆమెను నువ్వు అన్నవారు లేక ఎంత కాలమైంది? కాలేజీలో పిల్లలకు ఆంటీ. ఉపాధ్యాయులకు మీరు. బస్సులో ముందుకు జరగండమ్మా. ఇంట్లో, గోడకు, ఏమీ కాదు.

నిన్న అంగడివాడు చేతులెత్తేశాక పైకి వెళ్ళి, గిన్నెలు కడుగుతూ, ఆ గోడ వింటుండగా అన్నది: "రేపు పరీక్షట. నోటినిండా గార ఉన్న మనిషి కావాలట. దొరక్కపోతే ఏడాది పోయినట్టేనట." ట, ట, ట అని మూడుసార్లు, ఎవరి పరీక్షో, ఎవరి ఏడాదో అన్నట్టు. అవతల దగ్గు వినిపించింది. పీట జరిగిన చప్పుడు. అంతే. గోడలకు చెవులుంటాయంటారు, ఉండేమాటే నిజమైతే ముందు ఈ గోడకే ఉండాలి. కాని ఆ మాటలో ఆయనను రమ్మన్నది ఎక్కడ? పిలవని పేరంటానికి ఎవరు వస్తారు? పేరు లేని పిలుపుకు ఎవరు పలుకుతారు? ఇద్దరూ అంత జాగ్రత్తగా కట్టుకొన్న వ్యాకరణమే ఇవాళ ఆమెను ఈ పీట మీద కూర్చోబెట్టింది. బావగారూ, మీరు రండి. నాలుగు మాటలు కూడా లేవు. అనలేకపోయింది. పొద్దున పొయ్యి వెలిగించగానే ఆయన ఎప్పటికంటే ముందే సంచీ తగిలించుకొని బయలుదేరడం చూసి, వినలేదనుకొంది, వండబుద్ధి కాక అప్పుడే ఆర్పేసి, గ్లాసెడు నీళ్ళు త్రాగి వచ్చేసింది.

పెద్దముల్లు ప్రక్కకు వ్రాలి ఉన్నదల్లా లేవడం మొదలుపెట్టింది. గడియారాన్ని చూడకూడదని తల త్రిప్పితే ఎదురుగా అలమరలో బొమ్మతల, రబ్బరు బుగ్గలు, ఎప్పుడూ తెరిచి ఉండే నోరు. పిల్లలు దానికి మౌనస్వామి అని పేరు పెట్టారు. ఏడాది పొడుగునా ఆమె ఎక్కువగా మాట్లాడింది ఆ స్వామితోనే. అందరూ వెళ్ళాక సాధన పేరుతో ఉండిపోయి, దవడపళ్ళ వెనుక అద్దం నడుపుతూ, స్వామీ ఇవాళ బస్సులో చోటు దొరికింది, స్వామీ ఇవాళ మోకాలు పట్టేసింది, స్వామీ ఎదురింటివాళ్ళు ఇల్లు మారిపోయారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అంత మంచి నోరు, ఏమన్నా ఎదురు చెప్పని నోరు, దానిని చూసినప్పుడే ఊరు మరీ పరాయిదిగా తోచేది. మన్ను తిన్న బిడ్డను నోరు తెరవమంటే ఆ తల్లికి పదునాలుగు భువనాలు కనిపించాయని తాతగారు పురాణం చెబుతూ వెక్కివెక్కి ఏడ్చేవారు. ఆమెకు ముప్పైరెండే కనిపిస్తాయి, అవీ రబ్బరువి.

తాతగారే అక్షరాలు దిద్దించారు. వ్రాయించడంతో సరిపెట్టక, ఏ అక్షరం నోటిలో ఎక్కడ పుడుతుందో వేలితో చూపించేవారు. క కంఠంలో, ప పెదవుల మీద. "త అనవే. థ. ద. ధ. న. నాలుక ఎక్కడ తాకింది? పళ్ళకి! ఇవి దంత్యాలు. పళ్ళు లేకపోతే ఇవి లేవు" అని తన బోసినోరు తెరిచి చూపించి, ఆ అక్షరాలనే తాను తప్పుగా పలికి, పిల్లదాన్ని నవ్వించేవారు. నేను అనడానికీ నాలుక అక్కడే తాకాలి, నువ్వు అనడానికీ అక్కడే. ఒకే గూటిలోంచి ఎగిరిన రెండు పిట్టలు. ఆమె గుడ్డ చాటున పెదవులు కదలకుండా నాలుకతో పళ్ళను తాకి చూసింది. నేను. ఉన్నది. నువ్వు. ఆ మాట అన్నవాడి నోరు ఆమెకు బాగా తెలుసు. ఆసుపత్రిలో ఆ చివరి రోజులలో భర్త నోట గొట్టం, మాట లేదు. తడిదూది వేలికి చుట్టి ఆమె ఆ నోటిని తుడిచేది, పెదవి, చిగురు, ఒక్కొక్క పన్ను. క్రింది వరుసలో ముందుపన్ను ఒకటి ప్రక్కదాని మీదికి వాలి ఉండేది, రద్దీలో నిలుచున్న మనిషి ప్రక్కవాడి భుజం మీద కునికినట్టు. వేలు అక్కడికి రాగానే ఆగి, చుట్టి, ముందుకు పోయేది. చూస్తూ నిలబడిన నర్సు ఒకనాడు, "మీ చెయ్యి తేలికమ్మా, ఈ పని నేర్చుకోరాదూ" అన్నది. ఆ మాట పట్టుకొనే ఇంత దూరం వచ్చింది. ఎవరికోసం నేర్చుకొన్నట్టు? వేలికి ఇంకా ఆ వంపు గుర్తుంది. ఏ నోటిలోనూ మళ్ళీ తగలని వంపు.

"మీ మనిషి?" భూతద్దం వచ్చి నిలబడింది. కళ్ళజోడుకు రెండు చిన్న దుర్భిణులు బిగించుకొని తిరిగే అధ్యాపకురాలు. చెడ్డది కాదు, కాని ఆ అద్దాలలోంచి చూస్తే ఎంత చిన్న లోపమైనా ఆవగింజంత కాక గుమ్మడికాయంత కనిపిస్తుంది.

"వస్తున్నారు." కర్త లేడు.

"ముల్లు నిలబడితే తలుపు వేసేస్తాం. నా చేతుల్లో లేదది. మీకు తెలుసు కదా?"

"తెలుసండీ."

తెలుసు. తలుపు వేస్తారు, దీపం ఆర్పుతుంది, తొడుగు వేయని చేతులతో పనిముట్లన్నీ పెట్టెలోకి తిరిగి చేరుస్తుంది, బస్సెక్కుతుంది, గోడ దగ్గరికి వెళ్ళి, పరీక్ష అయిపోయినట్టేనట అని చెబుతుంది. గోడ దగ్గుతుంది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం. ఆమె తల వంచుకొని కాగితపు తొడుగు మీద లేని ముడతను సవరిస్తున్నది. ముడత లేదు, అయినా సవరిస్తున్నది, అప్పుడు గుమ్మంలో దగ్గు వినిపించింది. గోడ అవతల వినిపించే దగ్గు. గోడ లేకుండా.

ఉతికిన చొక్కా, తడిపి దువ్విన జుట్టు, గోళ్ళ సందులలో మాత్రం ఎంత కడిగినా పోని తెలుపు. బావగారు గుమ్మం చట్రాన్ని ఒకసారి అరచేతితో తడిమి, ఆ చట్రంతోనే అన్నారు: "ఇక్కడేనట కదా, పళ్ళ పరీక్ష."

"ఇక్కడే. కుర్చీ ఇదే" అన్నది ఆమె కుర్చీతో. తొడుగులు వేసుకొంటున్న వేళ్ళు ఒకదానిలోకి ఒకటి దూరి తడబడ్డాయి. ఆయన పడుకొన్నారు, ఎప్పుడూ పరంజా మీద నిలుచునే మనిషి, కప్పు వంక చూస్తూ, చేతులు కట్టుకొని, గుడిలో నిలుచున్నట్టు పడుకొన్నారు. దీపం వెలిగింది. నోరు తెరుచుకొంది. ముందుపళ్ళు తళతళ మెరుస్తున్నాయి. వాటి అంచుల వెంట చిగుళ్ళు ఎర్రగా చిట్లి, అక్కడక్కడా నెత్తురు చారలు.

"ఇదేమిటి!" అనేసింది, ఎవరినో, దేనినో.

ఆయన నోరు మూసి, కప్పుకు సంజాయిషీ చెప్పుకొన్నారు. "గారనోటితో నలుగురి మధ్యకీ వస్తే మన ఇంటి పరువేం కావాలి? చదువుకుంటున్న మనిషి తలెత్తుకోవాలా వద్దా? అందుకని పొద్దున్నే పని చోటికి పోయి, అక్కడి అద్దం ముందు కూర్చుని, గీకడం జరిగింది. చిన్న తాపీతోనే. మొన తీరిందే." కొంచెం ఆగి, పనివాడి గర్వంతో కలిపారు: "పాత గార గీకాలంటే ఒడుపుండాలి."

ప్రక్క కుర్చీ పిల్ల నోటిమీది గుడ్డలోనే కిసుక్కున నవ్వి, మరుక్షణం నాలుక కరుచుకొంది. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. గార కావాలట అని గోడకు చెప్పింది, గోడ విన్నది, విని, అతిథులు వచ్చేముందు ఇల్లు అలికినట్టు, పరువుకోసం నోటిని అలికించింది. ఎవరు చేస్తారు ఇటువంటి పని, ఆయన తప్ప? ఆ గారను పరీక్షలో గీకవలసినది తానేనని ఆమె చెప్పనేలేదు. అంగడివాడి ఇల్లాలు సిగ్గుపడ్డట్టే ఈయనా సిగ్గుపడ్డారు, కాని ఆ ఇల్లాలు మానిపించింది, ఈయన తోముకొని వచ్చారు. భూతద్దం వంగింది. సన్నని కొక్కెపు సూదితో ముందుపళ్ళను తడిమి, పెదవి విరిచింది. గడియారంలో ముల్లు వెంట్రుకవాసి దూరంలో ఉంది. సూది ముందుపళ్ళ వెనుకకు పోయింది, దవడల లోపలికి పోయింది, చిగురు అంచు క్రిందికి దిగింది. అక్కడ ఎక్కడో గరుకుగా తగిలి కిర్రుమన్నది. ఇంకొక చోట కిర్రు. ఇంకొక చోట.

"అద్దంలో కనిపించిందే గీకారు పెద్దాయన," అన్నది భూతద్దం నిటారుగా లేస్తూ. "లోపలంతా అట్లాగే ఉంది. కావలసినదానికంటే ఎక్కువే. మొదలుపెట్టండి. ఆ చిట్లిన చోట్ల జాగ్రత్త."

ముల్లు నిలబడింది. తలుపు మూసుకొంది. ఆమె, ఆయనా, తలుపుకు ఇవతల.

"నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తితే చాలు" అన్నది ఆమె దీపంతో, అద్దం లోపలికి పోనిచ్చింది. పై దవడ, వెనుక పళ్ళు, గీత వెంట గీత. పెళ్ళలు పెళ్ళలుగా లేచి వస్తున్నది, ఎన్నేళ్ళదో, సున్నపురాయిలా గట్టిపడినది, మాటలాడకుండా బిగించి ఉంచిన నోటిలో ఒక్కొక్క పొరా పేరుకొన్నది. ఈయన నవ్వితే పళ్ళు కనిపించగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఈ నోరు ఆమెకు బొత్తిగా తెలియదు. ఇంత దగ్గరగా, ఊపిరి తగిలేంత దగ్గరగా ఈయన ముఖాన్ని చూడడమే ఇది మొదలు. కనుబొమలో ఒక సున్నపు మచ్చ, కనుకొలకుల్లో గీతలు. కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నారు, ఆమె సిగ్గుపడుతుందేమోనని. క్రింది దవడకు వచ్చింది. ముందుపళ్ళ వెనుక అద్దం నిలిపి, ఎడమచేతి వేలు ఆసరాకు ఆనించింది. వేలు ఆగింది. ఆగి, చుట్టింది. ఒక పన్ను ప్రక్కదాని మీదికి వాలి ఉంది. రద్దీలో నిలుచున్న మనిషి ప్రక్కవాడి భుజం మీద కునికినట్టు.

గొట్టం గురగురమంటున్నది. ప్రక్కన ఆ పిల్ల తండ్రి ఏదో గొణుగుతున్నాడు. ఒకే తల్లి పాలు త్రాగిన ఇద్దరికి ఒకే చోట వంపు ఉంటుందని ఎవరైనా చెప్పగలరు, పుస్తకంలోనూ ఉంది, పాఠంగా చదివింది, పరీక్షలో వ్రాసింది. వేలికి మాత్రం అది పాఠం కాదు. తడిదూది, గొట్టం, కిటికీలోంచి పడుతున్న ఎండ, ఏమీ అనలేని నోరు. వేలు కదలడం లేదు. ఇది ఆయన కాదు, ఈయన. గోడ ఇవతల తనకొక్కతెకే గుర్తున్నదనుకొన్న వంపును గోడ అవతల ఒకరు రోజూ నాలుకతో తడుముకొంటూనే ఉన్నారు.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తారు.

ఆమె ఉలిక్కిపడి పనిముట్టు బయటికి తీసింది. "నొప్పా?"

కాదన్నట్టు తల ఊపారు. కళ్ళు తెరిచారు. మొదట దీపాన్ని చూశారు, తరువాత కప్పును చూశారు, తరువాత, ఇంకెక్కడా చూపు నిలుపుకోను చోటు లేక కావచ్చు, ఆమెను చూశారు. నాలుకతో పళ్ళ వెనుక మెల్లగా తడుముకొన్నారు. శుభ్రపడిన చోటు కొత్తగా ఉన్నట్టుంది, మళ్ళీ ఒకసారి తడుముకొన్నారు. ఆమె వేలు ఆ పన్ను దగ్గర ఆగిపోవడం ఆయనకు తెలిసింది. తెలియకేం, చేతిపని మనిషి.

"నువ్వు," అన్నారు. ఆ మాట దగ్గర తామే ఆగిపోయారు, తెలియక ఎవరి ఇంట్లోనో అడుగుపెట్టినట్టు. వెనక్కి మాత్రం పోలేదు. "నువ్వు తిన్నావా అమ్మా? పొద్దున పొయ్యి వెలిగిన చప్పుడైంది, వెంటనే ఆరిపోయింది."

న. త. మళ్ళీ న. పళ్ళకు తగిలి పుట్టిన అక్షరాలు, తాతగారు వేలు పెట్టి చూపించిన చోటునుంచి వచ్చిన అక్షరాలు.

"తినలేదు బావగారూ," అన్నది ఆమె. ముక్కుగుడ్డ తడిసిపోయింది, రెండు చేతులకూ తొడుగులు, తుడుచుకొనే వీలు లేదు. "మీరు కాస్త నోరు తెరవండి."

ఆయన తెరిచారు.